మలుపులో భయమేస్తే మార్చాల్సింది టైరా, తీరా?

మలుపుల్లో భయం పోవాలంటే రోడ్ సైకిల్‌కి ఏ టైరు వేయాలి అని ఎవరైనా అడిగితే నేను ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను. భయం సరిగ్గా ఎక్కడ వేస్తోంది? మలుపు ఇంకా రాకముందే బ్రేకుల మీద చేతులు బిగుసుకుపోతున్నాయా? సైకిల్ వాలాక, మధ్యలో ముందు చక్రం దడదడలాడుతున్నట్టు ఉంటోందా? లేక తడి రోడ్డు కనిపిస్తేనే గుండె గుభేల్‌మంటోందా? ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. మొదటి భయానికి ఎంత ఖరీదైన టైరు వేసినా లాభం లేదు. రెండోదానికి చాలాసార్లు కొత్త టైరే అక్కర్లేదు, ఉన్న టైరులో కాస్త గాలి తీస్తే సరిపోతుంది. మూడోదానికి మాత్రం టైరు మార్చడమే సరైన పని.

ఈ సంగతి నేను పడి నేర్చుకున్నాను, నిజంగానే కింద పడి. వరుస పంక్చర్లతో విసిగిపోయి, అరగనే అరగదని పేరున్న గట్టి రకం టైర్లు వేసుకున్నాను. వెడల్పు 25 మి.మీ. టైరు పక్కన రాసి ఉన్న గరిష్ఠ ఒత్తిడి, 120 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి కొట్టాను. ఎంత గట్టిగా ఉంటే అంత స్పీడు అని అప్పట్లో గట్టి నమ్మకం. నాలుగు నెలలు ఒక్క పంక్చరూ లేదు. తర్వాత ఒకరోజు చినుకులు పడి ఆగిన రోడ్డు మీద, పెద్ద వేగం కూడా కాదు, ఎడమ మలుపులో ముందు చక్రం తెల్ల గీత ఎక్కిందో లేదో నేను నేల మీద ఉన్నాను. మోచెయ్యి, తుంటి చెక్కుకుపోయాయి. టైర్లకు మాత్రం చిన్న గాటు కూడా పడలేదు, అవి చెప్పిన మాట నిలబెట్టుకున్నాయి.

తప్పు టైరుదా, గాలిదా, నాదా అని చాలా రోజులు ఆలోచించాను. మూడింటికీ వాటా ఉంది. ఎవరి వాటా ఎంతో తేలితే గానీ డబ్బు ఎక్కడ పెట్టాలో తెలియదు.

వేగం లెక్క ముందు

మలుపులో సైకిల్ ఎంత వాలాలన్నది రెండు విషయాలు తేలుస్తాయి: మీ వేగం, మలుపు ఎంత బిగువుగా ఉందన్నది. 15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును గంటకు 30 కి.మీ. వేగంతో తిరిగితే సైకిల్ దాదాపు 25 డిగ్రీలు వాలుతుంది. అలవాటున్నవాళ్లకు అది హాయిగా ఉంటుంది. అదే మలుపులోకి 42 కి.మీ. వేగంతో వెళితే వాలు 43 డిగ్రీలకు చేరుతుంది. వేగం పెరిగింది 1.4 రెట్లే, టైరు మీద పడే పని మాత్రం రెట్టింపైంది, ఎందుకంటే ఈ లెక్కలో వేగానికి వర్గం వేయాలి. మంచి రబ్బరు, పొడిగా శుభ్రంగా ఉన్న తారు రోడ్డు రెండూ దొరికినా 43 డిగ్రీలంటే దాదాపు అంచుకు చేరినట్టే. రోడ్డు తడిస్తే ఆ అంచు చాలా ముందే వస్తుంది. పెయింటు గీతలు, ఇనుప మూతలు, రాలిన ఆకుల మీద ఇంకా ముందు.

అంటే మలుపులోకి వెళ్లేముందు కాస్త వేగం తగ్గించుకుంటే వచ్చే భద్రత ముందు, ఒక టైరుకీ ఇంకో టైరుకీ ఉన్న తేడా చిన్నది. చిన్నదంటే లెక్కలోకి రాదని కాదు. వరుసలో రెండోదని.

బ్రేకు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మలుపులో బ్రేకు పట్టకూడదని అందరూ అంటారు. అది సగం నిజం. టైరుకు ఉన్న పట్టు ఒకే పర్సులో డబ్బు లాంటిది. తిరగడానికీ, ఆపడానికీ అందులోంచే తీయాలి. కానీ ఆ ఖర్చు నేరుగా కూడేది కాదు. పట్టులో 30 శాతం బ్రేకుకు వాడితే తిరగడానికి ఇంకా 95 శాతం దాకా మిగులుతుంది. 60 శాతం వాడినా 80 శాతం ఉంటుంది. రెండు బలాలు ఒకదానికొకటి అడ్డంగా పనిచేస్తాయి కాబట్టి స్కూల్లో చదివిన పైథాగరస్ లెక్కే ఇక్కడా వర్తిస్తుంది. కాబట్టి మలుపులోకి దిగాక వేగం ఎక్కువనిపిస్తే మెత్తగా బ్రేకు ఒత్తడం తప్పు కాదు. గభాలున పిండడమే ప్రమాదం. అప్పటికే పర్సు దాదాపు ఖాళీ అయివుంటే చిన్న ఖర్చుకు కూడా డబ్బుండదు.

చేతులు, కాళ్లు, కళ్లు

చేతులు హ్యాండిల్ కింది వంపులో, అంటే డ్రాప్స్‌లో ఉండాలి. బరువు కిందికి దిగుతుంది, బ్రేకు లీవరు మీద వేళ్లకు బలం దొరుకుతుంది. మలుపుకు బయటివైపు ఉన్న పెడల్ పూర్తిగా కింద ఉండాలి, దాని మీద నిజంగా బరువు వేయాలి, ఊరికే పాదం ఆనించడం కాదు. లోపలి పెడల్ కింద ఉండగా సైకిల్ వాలిస్తే అది రోడ్డుకు తగిలి చక్రాన్ని పైకి లేపేస్తుంది. మోచేతులు వదులుగా పెట్టుకోండి. వాటిని కోడి రెక్కల్లా ఆడించగలిగితే భుజాలు బిగుసుకోలేదని అర్థం.

ఇక అసలు కిటుకు: ఎడమకు తిరగాలంటే ఎడమ చేత్తో హ్యాండిల్‌ను కొద్దిగా ముందుకు నెట్టాలి. అంటే చక్రం ఒక్క క్షణం కుడివైపు తిరుగుతుంది, దాంతో సైకిల్ ఎడమకు వాలుతుంది. వింటే తలకిందులుగా అనిపిస్తుంది గానీ సైకిల్ తొక్కడం వచ్చిన ప్రతివాళ్లూ తెలియకుండా చేసేది ఇదే. విమానం కట్టకముందు సైకిళ్లు తయారుచేసి అమ్మిన రైట్ సోదరుల్లో విల్బర్ దీన్ని స్పష్టంగా గమనించాడు. తెలియకుండా చేసేదాన్ని తెలిసి చేయడం మొదలుపెట్టాక మలుపు మీ చేతిలోకి వస్తుంది. మధ్యలో మలుపు అనుకున్నదానికంటే బిగిస్తే, బ్రేకు వైపు పోయే చెయ్యి, దానికి బదులు మలుపు లోపలివైపున్న హ్యాండిల్‌ను ఇంకాస్త ముందుకు నెట్టడం నేర్చుకుంటుంది.

కళ్లు గుంత మీద ఉంటే సైకిల్ గుంతలోకే పోతుంది. చూపు మలుపు ఎక్కడ ముగుస్తుందో అక్కడ ఉండాలి. బయటి అంచు నుంచి మొదలుపెట్టి, లోపలికి కోసి, మళ్లీ బయటికి రావడం అనే దారి బాగుంటుంది గానీ అదంతా మీ వైపు రోడ్డులోనే జరగాలి. ఎదురుగా వచ్చేది కనిపించని మలుపులో లోపలికి తొందరపడి కోయకండి. ఆలస్యంగా కోస్తే రోడ్డు ముందే కనిపిస్తుంది, బయటికి వచ్చేటప్పుడు చోటు మిగులుతుంది.

ఇవన్నీ ఖాళీ మైదానంలో రెండు నీళ్ల సీసాలు పెట్టి, వాటి చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో తిరుగుతూ సాధన చేయొచ్చు. మొదటి భయం ఉన్నవాళ్లు నెల రోజులు ఇదే చేసి, ఆ తర్వాత టైర్ల గురించి ఆలోచించడం మేలు.

గాలి: ఖర్చు లేని మార్పు

టైరు పక్కన రాసిన గరిష్ఠ ఒత్తిడి హద్దే గానీ సలహా కాదు. నా 120 పీఎస్ఐ పిచ్చి అక్కడే మొదలైంది. టైరు రాయిలా ఉంటే గరుకు రోడ్డు మీద ఎగిరెగిరి పడుతుంది. ఎగిరిన ఆ క్షణంలో దానికి రోడ్డుతో సంబంధమే లేదు, పట్టు సున్నా. అది నిటారుగా పోతున్నప్పుడు ఒళ్లు హూనమవడంతో సరిపోతుంది. వాలి ఉన్నప్పుడు మాత్రం ప్రతి ఎగురుకీ చక్రం కొంచెం పక్కకు జరుగుతుంది. మధ్యలో దడదడ అనిపించేది అదే.

70 కిలోల మనిషికి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలు చెబుతాను. 25 మి.మీ. టైరుకు 80 పీఎస్ఐ, 28కి 65 నుంచి 70, 30కి 60, 32కి 50 నుంచి 55. ముందు చక్రంలో వెనుకదానికంటే 3 నుంచి 5 తక్కువ, ఎందుకంటే బరువులో ఎక్కువ భాగం వెనుక చక్రం మీదే పడుతుంది. మీరు బరువైతే పెంచండి, తేలికైతే తగ్గించండి. తడి రోజున ఇంకో 5 తీయొచ్చు. తర్వాత తెలిసిన ఒకే మలుపులో, ఒకే వేగంతో, ప్రతిసారీ మూడేసి పీఎస్ఐ తగ్గిస్తూ చూడండి. హ్యాండిల్ తిప్పగానే టైరు ఒక క్షణం ఆలస్యంగా, మెత్తగా ఒరుగుతున్నట్టు అనిపించినా, గుంతలో రిమ్ము ఠక్కున తగిలినా, అది మరీ తక్కువ. అక్కడి నుంచి 5 పెంచితే మీ అంకె దొరికినట్టే. పంపు పంపుకీ మీటరు తేడా చూపిస్తుంది కాబట్టి ఎప్పుడూ ఒకే పంపు వాడండి.

25, 28, 30, 32

ఒకప్పుడు రేసుల్లో 23 తప్ప వేరేది కనిపించేది కాదు. ఇప్పుడు ప్రొఫెషనల్ రేసుల్లో 28, 30 మామూలైపోయాయి. ఫ్యాషన్ కాదిది. వెడల్పు టైరులో గాలి పరిమాణం ఎక్కువ, అందుకే రిమ్ము తగలకుండానే ఒత్తిడి తగ్గించుకోవచ్చు. మలుపులో వచ్చే లాభమంతా ఆ తగ్గించిన ఒత్తిడిలోంచే. 32 వేసుకుని అందులో 90 పీఎస్ఐ కొట్టేవాళ్లను చూస్తే, గొడుగు కొని మడిచి చంకలో పెట్టుకుని తడిసేవాళ్లు గుర్తొస్తారు.

నా మాట అడిగితే, రోడ్డు మీద మాత్రమే తొక్కే చాలామందికి 28. రోడ్లు గరుకుగా ఉన్నా, మీరు 80 కిలోలు దాటినా, కొండ దారులు ఎక్కువగా దిగుతున్నా 30 లేదా 32. పాత సైకిల్‌లో చోటు లేకపోతే తప్ప 25 ఎంచుకోవడానికి ఇవాళ నాకు కారణం కనబడదు. ఉన్న 25 టైర్లు బాగుంటే మాత్రం పారేయకండి, అవి అరిగేదాకా సరైన గాలితో వాడండి. 25 నుంచి 28కి మారితే తేడా బాగా తెలుస్తుంది. 30 నుంచి 32కి మారితే అంతగా తెలియదు.

కొనే ముందు సైకిల్‌లో చోటు కొలవాలి. రిమ్ము బ్రేకులున్న పాత రోడ్ సైకిళ్లలో చాలావాటికి 25, కొన్నింటికి 28 మాత్రమే పడుతుంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకీ ఫ్రేముకీ టైరుకీ మధ్య అన్నివైపులా కనీసం 4 మి.మీ. ఖాళీ ఉంచుకోండి. టైరు మీద రాసిన అంకెను గుడ్డిగా నమ్మకండి, వెడల్పాటి రిమ్ము మీద 28 అని రాసిన టైరు 30 దాకా సాగొచ్చు. సైజు రాతలో 28-622 అని ఉంటే మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. రోడ్ సైకిళ్లలో 700సీ అని పిలిచేది ఆ 622నే.

మెత్తని రబ్బరా, గట్టి కవచమా

అసలు పోటీ ఇక్కడుంది. ఒకవైపు రేసు టైర్లు: కాంటినెంటల్ జీపీ5000, విట్టోరియా కోర్సా, ష్వాల్బే ప్రో వన్, పిరెల్లీ పీ జీరో రేస్ వంటివి. వీటి గోడలు పల్చగా, ఒంగే గుణంతో ఉంటాయి, రబ్బరు రోడ్డు గరుకులోకి ఒదుగుతుంది. ఇంకోవైపు లోపల దట్టమైన పొర, గట్టి రబ్బరు ఉండి వేల కిలోమీటర్లు వచ్చే కవచం టైర్లు. ఈ రెంటికీ నడిమి రకం కాంటినెంటల్ గ్రాండ్ ప్రీ 4 సీజన్ లాంటివి, చలికీ వానకీ తగిన రబ్బరుతో, కొంత అదనపు రక్షణతో వస్తాయి.

పొడి రోడ్డు మీద మామూలు వేగంతో తిరిగేవాళ్లకు వీటి మధ్య తేడా పెద్దగా తెలియదు. తడిలో తెలుస్తుంది, అదీ ఒక్కసారిగా తెలుస్తుంది. మంచి రబ్బరు జారబోయే ముందు కొంచెం కదిలి కబురు పంపుతుంది. గట్టి రబ్బరు చెప్పాపెట్టకుండా పోతుంది. అందుకే మూడో రకం భయం ఉన్నవాళ్లకు టైరు మార్చమని మొదటే చెప్పాను. ఆ భయం మీ ధైర్యానికి సంబంధించింది కాదు, టైరు గురించి మీ చేతులు చెబుతున్న నిజం.

పెట్టె మీద టీపీఐ అని ఒక అంకె ఉంటుంది, అంగుళానికి ఎన్ని దారాలు అని. పెద్ద అంకె అంటే సన్న దారం, ఒంగే గుణం ఎక్కువ అని లెక్క. కానీ కంపెనీలు లెక్కించే తీరు వేరు. కోర్సాకు 320 అంటే పత్తి దారాల బట్ట 320. జీపీ5000కి 330 అంటే 110 దారాల బట్ట మూడు పొరలు కలిపి. పక్కపక్కన పెట్టి చూడాల్సిన అంకెలు కావివి.

గాడుల డిజైన్ చూసి టైరు ఎంచుకోవడం అనే అలవాటు కారు నుంచి వచ్చింది. కారు టైరు వెడల్పు, చదును, నీటి మీద తేలిపోతుంది, కాబట్టి నీళ్లు పోవడానికి కాలువలు కావాలి. సైకిల్ టైరు సన్నం, గుండ్రం, అందులో గాలి ఒత్తిడి కూడా ఎక్కువ. అది నీటిని కోసుకుని కిందికి దిగుతుంది. నీటి మీద తేలాలంటే సైకిల్ గంటకు వంద కి.మీ. ఎప్పుడో దాటి ఉండాలి. తారు రోడ్డు మీద నున్నని టైరే మేలు, పట్టు ఇచ్చేది రబ్బరు. మట్టి, కంకర దారుల సంగతి వేరు.

ముందుకు ఒకటి, వెనక్కి ఒకటి

రెండు చక్రాలకూ ఒకే టైరు ఉండాలని ఏ రూలూ లేదు. వెనుక చక్రం జారితే చాలాసార్లు కాళ్లూ నడుమూ సర్దుకుంటాయి. ముందు చక్రం జారితే సర్దుకునేంత టైము దొరకదు. మరోవైపు ఎక్కువ అరిగేదీ, ఎక్కువ పంక్చర్లయ్యేదీ వెనుక టైరే. కాబట్టి డబ్బు ఒక్క మంచి టైరుకే ఉంటే అది ముందుకు, అరగని రకం వెనక్కి. వెనుక టైరు అరిగినప్పుడు కొత్తది తెచ్చి వెనుక వేయడం కంటే, ముందున్నదాన్ని వెనక్కి పంపి కొత్తదాన్ని ముందు వేయండి. అరిగిన వెనుక టైరును ముందుకు మాత్రం ఎప్పుడూ తేకండి. దాని నడుమ చదునుగా అరిగి, పక్కన అంచు ఏర్పడుతుంది. సైకిల్ వాల్చినప్పుడు ఆ అంచు దాటేచోట ఒక్కసారిగా పక్కకు పడిపోతున్నట్టు ఉంటుంది.

నేను పడ్డప్పటి గట్టి టైర్లలో ఒకటి ఆ తర్వాత రెండేళ్లు వెనుక చక్రానికి తిరిగింది, ఏ ఫిర్యాదూ లేదు. ముందుకు 28 రేసు టైరు వచ్చింది.

ట్యూబా, ట్యూబ్‌లెస్సా

మలుపు వరకే చూస్తే తేడా తక్కువ. ట్యూబ్‌లెస్‌లో లోపల ట్యూబ్ నలిగి పంక్చరయ్యే బెడద లేదు కాబట్టి ఒత్తిడి ఇంకాస్త తగ్గించొచ్చు, చిన్న చిల్లుల్ని సీలెంట్, అంటే టైరు లోపల పోసే జిగురు ద్రవం, మూసేస్తుంది. కొండ దిగేటప్పుడు ముందు చక్రంలో గాలి ఒక్కసారిగా పోయే అవకాశం తగ్గడం నా దృష్టిలో దాని అసలు లాభం. బదులుగా కొన్ని నెలలకోసారి సీలెంట్ చూసుకుంటూ ఉండాలి, బిగుతైన టైరుతో కుస్తీ పట్టాలి. వారానికొకసారి తొక్కేవాళ్లకు మంచి టైరు, మామూలు బ్యూటైల్ (కృత్రిమ రబ్బరు) ట్యూబ్ చాలు. పల్చని లేటెక్స్ రబ్బరు ట్యూబ్ రోడ్డు మీద చాలా హాయిగా ఉంటుంది గానీ రాత్రికి రాత్రే గాలి దిగుతుంది, రోజూ కొట్టుకునే ఓపికుంటేనే దాని జోలికి పోవాలి.

రిమ్ము లోపలి అంచుకు కొక్కెం లేని రకం, అంటే హుక్‌లెస్ అయితే ఒక కఠిన నియమం ఉంది. ఒత్తిడి 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ దాటకూడదు, హుక్‌లెస్‌కు పనికొస్తుందని టైరు తయారీదారు చెప్పిన టైరే వేయాలి. బరువైన మనిషి 25 టైరుతో ఈ రిమ్ము వాడాలనుకుంటే లెక్క కుదరదు.

రిమ్ముకు జిగురుతో అతికించే ట్యూబులర్ టైర్లను కొత్తగా ఎవరికీ చెప్పను. 2003 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసులో, జులై 14న, గ్యాప్ పట్టణం వైపు కొండ దిగుతూ స్పెయిన్ రేసర్ హొసేబా బెలోకి పడిన తీరు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఎండకు కరిగిన తారు మీద బ్రేకు వేయగానే వెనుక చక్రం జారి, టైరు రిమ్ము నుంచి ఊడింది, తొడ ఎముక విరిగింది. వెనకే వస్తున్న మరో రేసర్ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ తప్పించుకోవడానికి పొలానికి అడ్డంపడి దాటి కింది రోడ్డు మీద తేలాడు. తారు మెరుస్తున్న చోట ఏ రకం టైరైనా పర్సు ఖాళీయే.

కొత్త టైరు వేసిన రోజు

అచ్చులోంచి టైరు సులువుగా రావడానికి వాడే పదార్థం కొంత కొత్త రబ్బరు మీద మిగిలి ఉండొచ్చు. సబ్బునీళ్లతో ఒకసారి తుడిచి, మొదటి ముప్ఫై నలభై కిలోమీటర్లు పొడి రోడ్డు మీద తిప్పండి. వాలు కొద్దికొద్దిగా పెంచండి, అప్పుడే టైరు పక్క భాగాలూ గరుకెక్కుతాయి. కొన్ని టైర్ల మీద అరుగుదల చూపే రెండు చిన్న గుంటలు ఉంటాయి, ఎక్కడున్నాయో ఆ రోజే చూసిపెట్టుకోండి. అవి మాయమైన రోజు టైరు పని అయిపోయినట్టు. గుంటలు ఉన్నా సరే, ఏళ్ల తరబడి ఎండలో నిలబడి పక్కలు సన్నగా పగుళ్లిచ్చిన టైరు ముందు చక్రానికి పనికిరాదు.